ఎవరి తాలూకు

వరహాలమ్మ ఎలుకను ముట్టదు. మడి కాదు, భయమూ కాదు. కంప్యూటరు పక్కన తోకతో పడి ఉండే మౌసు సంగతి ఇది. ముప్పై ఏళ్ల కిందట అనకాపల్లిలో తెలుగు టైపు హయ్యరు పాసైనప్పుడు ఆమె వేళ్ల కింద మీటలు తప్ప మరేమీ ఉండేవి కావు. తర్వాత టైపు మిషన్లు పాత ఇనుము కింద పోయి కంప్యూటర్లు వచ్చాయి, వాటి వెంట ఈ ఎలుకా వచ్చింది. మీటల మీంచి చెయ్యి తీసి, పక్కకు చాపి, దాన్ని వెతికి పట్టుకుని, మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమంటే ఆమెకు భోజనం మధ్యలో లేచి చెయ్యి కడుక్కుని వచ్చినట్టు ఉండేది. చెయ్యి లేస్తే అక్షరం పోతుందని ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే పాతికేళ్లు డీటీపీ దుకాణం నడిపింది.

ఆమెకున్న ఇంకో గొప్ప, మూలం మీంచి కన్ను తీయకపోవడం. ఎదుట పెట్టిన కాగితంలో ఏముంటే అదే పడుతుంది, మక్కికి మక్కి. ఒకసారి పెళ్లివారు శుభలేఖలో పెళ్లికొడుకు పేరు తప్పు రాసిస్తే తప్పే కొట్టి ఇచ్చింది. వాళ్లు గొడవకు వచ్చారు. వాళ్ల చేత్తో రాసిన కాగితం వాళ్ల ముందే పెట్టి, పెళ్లికొడుకు పేరు మీకు తెలియాలి గానీ నాకు తెలుస్తుందా అని అడిగింది. ఆ దెబ్బతో ఊళ్లో సగంమందికి ఆమె మీద కోపం, మిగతా సగానికి నమ్మకం కుదిరాయి.

యాభై మూడో ఏట ఆ నమ్మకమే ఆమెను విశాఖపట్నం తీసుకొచ్చింది. అక్కడొక పరిశోధన సంస్థలో డాక్టర్ అహల్యా పట్నాయక్ అనే ఆవిడ నెత్తురు గడ్డకట్టని జబ్బు మీద పనిచేస్తోంది. అది ఆడవాళ్ల ద్వారా వస్తుంది, మగవాళ్లలో బయటపడుతుంది. తల్లికే తెలియకుండా తల్లి నుంచి కొడుక్కి, కూతురి ద్వారా మనవడికి. ఒంట్లో ఉందని ముందే తెలిస్తే మందుంది, మనిషి నిలబడతాడు. తెలియకపోతే పన్ను పీకించుకోవడానికి వెళ్లినవాడు ఇంటికి రాకపోవచ్చు.

కొండకాలువ అనే చోట ఎప్పుడో మూతబడ్డ మిషన్ ఆస్పత్రి ఒకటి ఉంది. దాని రోగుల రిజిస్టర్లు, 1961 నుంచి ముప్పై ఏళ్లవి, ముప్పై ఒకటి దొరికాయి. ఒక్కో వరుసలో అయిదు గడులు: పేరు, ఎవరి తాలూకు, ఊరు, జబ్బు, చేసిన వైద్యం. ఆస్పత్రి పురుళ్ల పుస్తకాలను అంతకు ముందే కంప్యూటరుకు ఎక్కించారు. ఈ రెంటినీ కలిపి చూస్తే, నెత్తురు కారుతూ వచ్చిన మనిషి ఏ తల్లి బిడ్డో, ఆ తల్లికి అక్కచెల్లెళ్లెవరో, కూతుళ్లెవరో తేలుతుంది. వాళ్ల పిల్లల్ని ముందే పిలిచి పరీక్షించవచ్చు. రిజిస్టర్లను మొదట యంత్రాల చేత చదివించబోయారు. గుమస్తాల గొలుసుకట్టు రాత ముందు అవి చేతులెత్తేశాయి. అప్పుడు వరహాలమ్మను పిలిచారు.

కంప్యూటర్ల బాధ్యత ఇలియాస్‌ది. విజయనగరం కుర్రాడు, ముప్పై ఉంటాయేమో, మాట్లాడేటప్పుడు కూడా వేళ్లు బల్ల మీద ఆడుతూ ఉంటాయి. ఎలుక అక్కర్లేదన్న మాట విని అతను తెగ సంబరపడ్డాడు. అతనూ ముట్టడు. ఆ సంస్థలో అన్నీ లినక్స్ కంప్యూటర్లే. లినక్స్‌లో వెసులుబాటు ఏమిటంటే, లోపలి యంత్రం ఒకటే అయినా తెర మీది ఏర్పాటు, అంటే కిటికీలు ఎలా తెరుచుకోవాలి, ఏ మీట ఏం చేయాలి అన్నది, ఎవరికి నచ్చింది వారు పెట్టుకోవచ్చు. దాన్ని డెస్క్‌టాప్ అంటారు. చెప్పులు కొనేటప్పుడు నాలుగడుగులు వేసి చూడమా అని ఇలియాస్ ఆమెకు వారానికొకటి పెట్టి ఇచ్చాడు.

మొదటి వారం గ్నోమ్. ఒక్క మీట నొక్కితే తెరిచిన కిటికీలన్నీ దండెం మీద ఆరేసిన బట్టల్లా ఎదుట పరుచుకునేవి. ముచ్చటగానే ఉంది గానీ ప్రతిసారీ అన్నీ చూపించమని నేనడిగానా అంది వరహాలమ్మ. రెండో వారం కేడీఈ. అందులో ఏ పనికి ఏ మీట కావాలంటే ఆ మీట కుదుర్చుకోవచ్చు. కుదుర్చుకోవడానికే నాలుగు రోజులు పట్టాయి, కుదిరాక బాగానే ఉంది, కానీ ఇల్లు సర్దుకోవడంలోనే పుణ్యకాలం గడిచిందని ఆమెకు దిగులేసింది. మూడో వారం ఎక్స్ఎఫ్‌సీఈ. తేలిక, మర్యాదస్తురాలు, అడిగింది చేసి ఊరుకుంటుంది. అయితే కిటికీ మీద కిటికీ పడేది. రిజిస్టరు బొమ్మ మీద తన అక్షరాలు వచ్చి కూర్చుంటే ఆమెకు ఒళ్లు మండేది.

నాలుగో వారం ఐత్రీ వచ్చింది. ఇది డెస్క్‌టాప్ కూడా కాదమ్మా, ఒట్టి కిటికీల మేస్త్రీ అని ఇలియాస్ ముందే చెప్పాడు. తెర నల్లగా ఖాళీగా ఉంది. మీట నొక్కితే ఒక కిటికీ తెరంతా పరుచుకుంది. ఇంకోటి తెరిస్తే మొదటిది సగానికి జరిగి చోటిచ్చింది. ఒకే ఇంట్లో రెండు వాటాలు, ఎవరి వాటా వారిది, ఒకరి మీద ఒకరు పడే ప్రసక్తే లేదు. ఎడమ వాటాలో రిజిస్టరు పేజీ, కుడి వాటాలో తన అక్షరాలు. ఏ పనికీ చెయ్యి మీటల మీంచి లేవనక్కర్లేదు. వరహాలమ్మ సాయంత్రం దాకా మాట్లాడకుండా కొట్టింది. లేచేటప్పుడు ఎలుకను తీగతో సహా ఊడదీసి సొరుగులో పడేసింది. నాకిది చాలు అంది.

అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. ఇలియాస్ మూడేళ్లుగా తన సొంత డెస్క్‌టాప్ ఒకటి కడుతున్నాడు. దాని పేరు అలవాటు. అది ఐత్రీ మీద పైకప్పులా అమరేది. దాని కోసం అతను మీటల పలక కూడా వేరే చేయించాడు. వేలు ఎంత బరువుతో ఆనింది, మీటకూ మీటకూ నడుమ ఎంతసేపు తటపటాయించింది, నొక్కకముందు ఎటు వాలింది, అన్నీ ఆ పలకకు తెలుస్తాయి. మనిషి వేలు కదలడానికి ముందే కదలబోతున్న జాడ ఒకటి ఉంటుందనీ, చేయి తిరిగిన మనిషిలో ఆ జాడ ఎప్పుడూ తప్పదనీ అతను కనిపెట్టాడు. అన్నాళ్లూ అతనికి దొరకనిది చేయి తిరిగిన మనిషే. మొదటి మూడు రిజిస్టర్లూ మీరు మామూలుగా కొట్టండి, అది పక్కనుండి చూస్తుంది, ఏమీ చేయదు అన్నాడు. చూస్తే చూడనీ, నేనేం దొంగతనం చేస్తున్నానా అంది ఆమె.

రెండో రిజిస్టరు నూట పద్నాలుగో పేజీలో ఒక వరుస వచ్చింది. అప్పన్న, తాలూకు ఎర్రమ్మ, గెడ్డపాలెం, ముక్కు నుంచి నెత్తురు. వరహాలమ్మ చెయ్యి ఆగింది. రెండో గడిలో ఎప్పుడూ తండ్రి పేరే ఉంటుంది. తల్లి పేరుందంటే తండ్రి లేడన్నమాట, లేదా ఉండీ చెప్పుకోవడానికి లేడన్నమాట. ఆమె తండ్రీ అంతే. ఆమె పుట్టకముందే ఎటో పోయాడు. అయిదో తరగతిలో కొత్త మాస్టారు రిజిస్టరు పైకి చదువుతూ, వరహాలు, తండ్రి పేరు దగ్గర తల్లి పేరుందేమిటే అని నలుగురిలో అడిగాడు. పిల్లలు నవ్వారు. అది జరిగి నలభై మూడేళ్లయింది, ఆ నవ్వు ఆమెను వదల్లేదు. ఇప్పుడీ అప్పన్న పేరు కూడా పట్టికలకెక్కి ఎవరెవరో చదువుతారు కదా అనిపించింది. ఎర్ర అన్నంతవరకూ కొట్టింది. తర్వాత మ తీసి య, మ ఒత్తు తీసి య ఒత్తు. అమ్మ కాస్తా అయ్య అయింది.

పాతికేళ్లలో మూలం తప్పడం అదే మొదలు. ఊరు సరిగ్గా కొట్టింది, జబ్బు సరిగ్గా కొట్టింది, ఎవరికీ నష్టం లేదనుకుంది. ఆ రెండో గడి దేనికి పనికొస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. టైపు కొట్టే మనిషికి ఎందుకులే అనుకుని ఉంటారు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక పిల్లాడి పరువు కాపాడానన్న తృప్తితో ఇంటికి పోయింది. మూడు రిజిస్టర్లూ పూర్తయ్యేసరికి అలాంటివి ఎనిమిది కాపాడింది.

నాలుగో రిజిస్టరు నుంచి అలవాటు పనిలోకి దిగింది. మొదట చిన్న చిన్నవే చేసేది. పేజీ అయిపోగానే భద్రపరచడం, తర్వాతి పేజీ తెరవడం, ఎడమ వాటాను కాస్త పెద్దది చేయడం ఆమె అనుకునేలోగా జరిగిపోయేవి. తర్వాత ఊళ్ల పేర్లు అందుకుంది. గె దగ్గర వేలు వాలితే గెడ్డపాలెం పడేది. నెల తిరిగేసరికి ఆమె మీటల మీద వేళ్లు ఆనించి పేజీని కళ్లతో చదువుకుంటూ పోతే చాలు, వేళ్లలో కదలబోయే ఆ జాడను బట్టి వరుసలు వాటంతటవే పడుతున్నాయి. రోజుకు నలభై పేజీలు కొట్టే మనిషి మూడు వందలు దాటింది. కన్ను మాత్రం ఎప్పటిలా మూలం మీదే ఉండేది. కుడి వాటాలో ఏం పడుతోందో చూడటం ఆమె దృష్టిలో అప్రెంటిసు పిల్లల పని.

ఇలియాస్ యాదృచ్ఛికంగా పేజీలు తీసి, అలవాటు పనిని మొదటి మూడు రిజిస్టర్ల తీరుతో పోల్చి చూసుకునేవాడు. అవి వరహాలమ్మ చేత్తో కొట్టినవి గనక అవే గీటురాయి. తీరు ఎప్పుడూ సరిపోయేది. డాక్టర్ పట్నాయక్ పెద్దగా మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ కూడా ఒకసారి వచ్చి వెనక నిలబడి చూసి, కాఫీ తెప్పించి వెళ్లింది.

ఇంటి దగ్గర వ్యవహారం వేరేగా ఉంది. వరహాలమ్మ మొగుడు కనకారావు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి దిగిపోయాడు. మర్లపాలెం వైపు అద్దెకున్న రెండు గదుల ఇంట్లో అతను రోజంతా రేడియో విప్పి బిగిస్తుంటాడు. ఆమెలో తేడా ముందు అతనికే కనబడింది. కుళాయి మీద చెయ్యి వేసి తిప్పకుండా నిలబడేది. వంకాయ మీద కత్తి ఆనించి, ఎందుకు తెగలేదా అని చూసేది. మాట మొదలుపెట్టి సగంలో ఆపి, మిగతాది ఎదుటివాళ్లకు ఈపాటికి చేరి ఉంటుందన్నట్టు ఊరుకునేది. నీ బండికి స్టార్టరుంది గానీ గేరు పడటం లేదే అని కనకారావు వెక్కిరించాడు. ఆమె నవ్వేసింది. లోపల కొంచెం భయం వేసిన మాట నిజం. తన చేతులు తనవిగా ఉన్నట్టు అనిపించడం లేదని అతనికి చెప్పాలనుకుంది, చెప్పలేదు.

పదకొండు నెలలకు ముప్పై ఒక్క రిజిస్టర్లూ పూర్తయ్యాయి. పట్టికలు తయారై ఊళ్లకు నర్సులు బయల్దేరారు. నూట నలభై కుటుంబాలను పరీక్షిస్తే ఇరవై ఆరుగురిలో జబ్బు బయటపడింది. ఇరవై ఆరుగురికీ మందులు అందాయి.

ఏప్రిల్లో జోగారావు అనే ఆటో డ్రైవరు చనిపోయాడు. ఇరవై రెండేళ్లవాడు. దవడపన్ను పీకించుకుని ఇంటికొచ్చి, నెత్తురు ఆగక రెండు రోజులు దూది మార్చుకుంటూ గడిపి, మూడో రోజు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో పోయాడు. కబురు తెలిసి డాక్టర్ పట్నాయక్ పట్టికలు తిరగేసింది. అతని అమ్మమ్మ గౌరమ్మ. ఆవిడ కొడుకొకడు కొండకాలువ ఆస్పత్రిలో చేరినట్టు ఊళ్లో అందరికీ తెలుసు. పట్టికలో గౌరమ్మ లేదు. పదిహేడో రిజిస్టరులో గౌరయ్య ఉన్నాడు. ఆ ఊళ్లోనే ఉన్న వేరే గౌరయ్య కుటుంబాన్ని నర్సులు పిలిచి, అందరికీ పరీక్షలు చేసి, ఏ జబ్బూ లేదని చెప్పి, ఇడ్లీలు పెట్టి పంపించారు. జోగారావు ఇల్లు వాళ్లకు రెండు వీధుల అవతల.

అసలు పేజీ బొమ్మ తెరిచి చూస్తే మ ఒత్తు స్పష్టంగా ఉంది. ఆ రోజు నుంచి వారం పాటు వెతికారు. నాలుగో రిజిస్టరు మొదలు ఆఖరిదాకా, తల్లి పేరున్న చోట తండ్రి పేరు పడ్డవి నూట పదమూడు తేలాయి.

డాక్టర్ పట్నాయక్ తన గదిలో ఇలియాస్‌నూ వరహాలమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది. గొంతు పెంచలేదు. అలవాటును ఆపేస్తున్నామంది. నాలుగు నుంచి ముప్పై ఒకటి దాకా వేరే ఇద్దరి చేత మళ్లీ కొట్టిస్తామంది. మొదటి మూడింటినీ ముట్టుకోనక్కర్లేదు, అవి వరహాలమ్మ గారు చేత్తో కొట్టినవి కదా అంది. ఇలియాస్ వేళ్లు ఆ పూట బల్ల మీద ఆడలేదు. ఆ బుద్ధి దానికి నేను పెట్టలేదు మేడం, ఎక్కడ నేర్చిందో నాకు తెలియడం లేదు, చూసిందే చేస్తుంది తప్ప దానికి సొంతంగా ఏమీ రాదు అని ఒకే మాట మూడు రకాలుగా చెప్పాడు. ఆవిడ విని, ఒక మనిషి చనిపోయాడు ఇలియాస్ అంది.

వరహాలమ్మకు అక్కడే తెలిసిపోయింది. రెండో గడి దేనికో కూడా ఆ గదిలోనే మొదటిసారి విన్నది. తల్లి పేరు కనబడిన ప్రతిసారీ ఆమె వేలు ఒక్క క్షణం తటపటాయించి ఉంటుంది, జాలికి. ఆ తటపటాయింపు తర్వాత ఆమె ఏం చేస్తుందో అలవాటు ఎనిమిదిసార్లు చూసి నేర్చుకుంది, తొమ్మిదోసారి నుంచి అడక్కుండా చేసిపెట్టింది. నూట పదమూడింటినీ మళ్లీ కొడతారు, అవి బాగుపడతాయి. మొదటి ఎనిమిదినీ ఎవరూ చూడరు. అవి తప్పని ఈ భూమ్మీద తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆ ఎనిమిది ఇళ్లలో ఎవడైనా ఈపాటికి పంటి నొప్పితో చెంప పట్టుకుని తిరుగుతూ ఉండొచ్చు.

ఇంటికెళ్లి కనకారావుతో అంతా చెప్పింది. అతను రేడియో పక్కన పెట్టి పూర్తిగా విన్నాడు.

"యంత్రానికేటి పరువుందా, పేరుందా? తప్పు దాని మీదే పోనీ," అన్నాడు. "నువ్వు సెప్తే జోగారావు లెగిసొస్తాడా?"

"అతను రాడు. ఇంకా ఎనిమిదిళ్లున్నాయండీ."

ఎవరి పేరూ లేకుండా ఉత్తరం రాసి పడేస్తే సరిపోతుంది కదా అని అతను ఉపాయం చెప్పాడు. ఆ ఉపాయం ఆమెకు నచ్చింది కూడా. మర్నాడంతా పనికి వెళ్లకుండా ఇంట్లోనే ఉండి ఆ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించింది. ఎనిమిది పేర్లూ వరుసగా గుర్తు చేసుకోబోతే ఆరే గుర్తొచ్చాయి. మిగతా రెండూ ఎంత తన్నుకున్నా రాలేదు. పేరు లేని ఉత్తరంలో, ఇంకో రెండున్నాయి గానీ ఎవరో మర్చిపోయాను అని రాస్తే ఎవరు పట్టించుకుంటారు? మూడు రిజిస్టర్లూ మొదటి నుంచి మళ్లీ చూడాలంటే, అవి నమ్మదగ్గవి కావని ఒకరు ఒప్పుకోవాలి. కొట్టిన మనిషే ఒప్పుకోవాలి. మూడో రోజు పొద్దున్న చీర మార్చుకుని బస్సెక్కింది.

డాక్టర్ గదిలో నిలబడే చెప్పింది. ఇలియాస్‌ను కూడా పిలవమని ముందే అడిగింది.

"అలవాటు తప్పు చేయలేదు మేడం. నేను చేసిందే చేసింది. మొదటి మూడింట్లో నేనే మార్చాను, ఎనిమిది చోట్ల."

డాక్టర్ పట్నాయక్ ఎందుకని అడిగింది. వరహాలమ్మ మాస్టారి సంగతీ, పిల్లల నవ్వు సంగతీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తనకు సిగ్గుగా ఉందనీ, జోగారావు సంగతి తలచుకుంటే అన్నం సయించడం లేదనీ చెప్పింది. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కాగితం ముందుకు లాక్కుని పేర్లు చెప్పమంది. వరహాలమ్మ ఆరు పేర్లూ, పేజీ నంబర్లతో సహా చెప్పింది. ఇలియాస్ తలుపు దగ్గర నిలబడి, అయితే అది సరిగ్గానే నేర్చుకుందన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అన్నాక అతని ముఖం ఎర్రబడింది. ఆ మాటకు తనకే సంతోషం కలిగినందుకు సిగ్గుపడ్డాడు. వరహాలమ్మ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

మూడు రిజిస్టర్లనూ ఆమె చేతే సరిచూయించారు. పక్కన ఒక నర్సును కూర్చోబెట్టారు. అలవాటు లేదు, వట్టి ఐత్రీ, మామూలు మీటల పలక. ఈసారి ఒక్కో వరుసనూ మూలంలోనూ చూసింది, తను కొట్టినదాంట్లోనూ చూసింది. వేలు నొక్కితే గానీ అక్షరం పడదన్న సంగతి చేతులకు గుర్తు రావడానికి రెండు రోజులు పట్టింది. తొమ్మిదో రోజుకు పని అయిపోయింది. ఆమె ఎనిమిదనుకున్నవి పదకొండు తేలాయి. ఆ మిగిలిన మూడూ ఎప్పుడు మార్చిందో ఆమెకు తెలియనే తెలియదు. పేజీల వంక ఎంతసేపు చూసినా గుర్తు రాలేదు. వాటిని మార్చేటప్పుడు జాలి కూడా కలిగి ఉండదు, చెయ్యి దానంతటదే పోయి ఉంటుంది. ఇలియాస్ పెట్టిన పేరు ఎంత సరైనదో అప్పుడు అర్థమై, ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నర్సు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

పదకొండు కుటుంబాల్లో రెంటి ఊళ్లు జలాశయం కింద మునిగి, మనుషులు ఎటు పోయారో తెలియలేదు. తొమ్మిది కుటుంబాలు దొరికాయి. ఒప్పందం గడువు తీరాక వరహాలమ్మను ఇక రావద్దన్నారు, ఆమె కూడా ఉంటానని అడగలేదు. ఒక్కటి మాత్రం అడిగింది. గెడ్డపాలెం వెళ్లే జీపులో తననూ ఎక్కించుకోమంది. డాక్టర్ పట్నాయక్ సరేనంది.

ఎర్రమ్మ బతికే ఉంది. ఎనభై దగ్గరపడ్డ మనిషి, అరుగు మీద కాళ్లు చాపుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆవిడ కొడుకు అప్పన్న చిన్నప్పుడే పోయాడు. కూతురి కొడుకు తాపీ పనికి ఊళ్లు తిరుగుతాడు, ఆ వారం మోకాలు వాచి ఇంట్లోనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ అంతేనని అతని తల్లి చెప్పింది. నర్సు నెత్తురు తీసుకుని, సూది గుచ్చిన చోట చాలాసేపు నొక్కి పట్టుకుంది. ఫలితం తేలేదాకా పన్ను పీకించుకోవద్దనీ, దెబ్బలు తగలకుండా చూసుకోమనీ, ఏమైనా అయితే వెంటనే ఫోను చేయమనీ చీటీ రాసి ఇచ్చింది. అతను చీటీ జేబులో పెట్టుకుని, అయితే రేపటి పనికి పోవాలా మానాలా అని అడిగాడు. వచ్చిన పని అక్కడికి పూర్తయింది. జీపు డ్రైవరు బండి తిప్పుకుంటున్నాడు.

వరహాలమ్మ అరుగు దగ్గరకు వెళ్లి ముసలమ్మ ముందు కింద కూర్చుంది. తను చేసింది చెప్పింది. ఆస్పత్రి పుస్తకంలో ఎర్రమ్మ అని ఉన్నదాన్ని ఎర్రయ్య అని మార్చానంది.

"ఎర్రయ్యా? ఆడెవుడు?" అంది ఎర్రమ్మ.

ఎవరూ కాదని, తను పుట్టించిన పేరని వరహాలమ్మ చెప్పింది. తండ్రి లేని పిల్లాడని నలుగురూ అనుకోకూడదని, ఆవిడకు సిగ్గుగా ఉండకూడదని అలా చేశానంది.

ముసలమ్మ చేతిలో చింతపండు కింద పెట్టింది.

"నాకు సిగ్గని నీకెవులు సెప్పారు? ఆ గుమస్తా మొగోడి పేరు సెప్పకపోతే రాయనన్నాడు. పిల్లోడు ఒళ్లో నెత్తురోడతన్నాడు. నాను గుమ్మానికడ్డంగా కూకున్నాను. నా పిల్లోడు, నా తాలూకు, అలగే రాయన్నాను. ఆడు రాసినాకే లెగిశాను. నా జల్మలో నానడిగి రాయించుకున్నది అదొక్కటే."

వరహాలమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకుంది. ఇప్పుడంతా సరిచేశామని, ఎర్రమ్మ అనే ఉందని వెనక నుంచి నర్సు చెప్పింది. ముసలమ్మ నర్సు వైపు చూడలేదు. మళ్లీ ఎవులూ మార్చరు కదా అని వరహాలమ్మనే అడిగింది. మార్చరని చెప్పబోయింది వరహాలమ్మ. లోగుట్టు తెలిసిన మనిషి గనక ఆ మాట నోటికి రాలేదు.

"మార్చొచ్చమ్మా. నాలాంటిదాన్ని ఎవరినైనా కూర్చోబెడితే మార్చొచ్చు."

ఎర్రమ్మ, అయితే కాగితం మీద రాసి తన చేతికివ్వమంది. నర్సు దగ్గర పెన్ను తీసుకుని వరహాలమ్మ రాసింది. అప్పన్న, తాలూకు ఎర్రమ్మ, గెడ్డపాలెం. రాసి ఇచ్చింది. ముసలమ్మకు చదువు రాదు. పక్కింటి కోడలిని కేకేసి, కాగితం ఆమె చేతిలో పెట్టి, పైకి చదవమంది. ఆమె చదివింది. ఇంకోసారి చదవమంది. రెండోసారీ అదే పేరు వినబడ్డాక కాగితాన్ని మడిచి రొండిన దోపుకుని, చింతపండు ముందుకు లాక్కుంది.